లిల్లీ మడి – పందికొక్కుల బాధ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేస్తే, "కవిత రాయనా సార్?" అని అడిగాను. "కవితలు ఇప్పటికే పదిహేను వచ్చినయి. నీకు తెలిసిన పని గురించి రాయి" అన్నారు. నాకు తెలిసిన పని మొక్కలు పెంచడమే. మన హాస్టల్లో పదో తరగతి వరకు చదివి, తర్వాత ఉద్యాన డిప్లొమా చేసి, పన్నెండేళ్లకు పైగా నర్సరీలో పనిచేస్తున్నాను. లిల్లీ పూల గురించి, ఆ మడిని తవ్వి పాడుచేసే ఎలుకల గురించి రాస్తాను. ఈ రెండూ నాకు పుస్తకంలో కంటే ముందే మా నాయన పొలంలోనూ, మన హాస్టల్ నీళ్ల ట్యాంకు పక్కనా తెలిశాయి.

ముందుగా పేరు సంగతి. మనం పూల మార్కెట్లో లిల్లీ అని కొనేది అసలు లిల్లీ కాదు. దాని తెలుగు పేరు నేల సంపెంగ. హిందీలో రజనీగంధ అంటారు, ఉర్దూలో గుల్ షబ్బో, కన్నడంలో సుగంధరాజ. పుట్టిల్లు మెక్సికో దేశం. పెద్ద హోటళ్లలో గాజు కూజాల్లో పెట్టే అసలైన లిల్లీలు వేరు. వాటి దుంపలు ఎక్కువగా హాలెండ్ నుంచి వస్తాయి, నాటే ముందు కొన్ని వారాలు చల్లని గదిలో ఉంచాలి, మన ఎండకు పాలీహౌస్ కావాలి. హాస్టల్ ఆవరణకు ఆ వైభోగం ఎందుకు? మన ఎర్ర చెల్క నేలకు, మన ఎండకు నేల సంపెంగే సరైనది. శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపు రైతులు చేమంతి, బంతి, గులాబీలతో పాటు దీన్నీ పండించి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పంపుతారు.

ఇందులో ఒంటి రేకుల రకం దండలకు, ముద్ద రకం కాడతో సహా కోసి కూజాల్లో పెట్టడానికి. ఒంటి రేకుల్లో ప్రజ్వల్, శృంగార్, ముద్దలో సువాసిని పేరున్న రకాలు. శృంగార్‌ను, మెక్సికన్ సింగిల్‌ను సంకరపరచి తీసిందే ప్రజ్వల్. వాసన కావాలంటే ఒంటి రేకులదే నాటండి.

నాటే పద్ధతి కష్టమేమీ కాదు. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు మడి చాలు. అడుగు లోతు తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పెంట వేయవద్దు, పెంకు పురుగులు అందులో గుడ్లు పెట్టి వేరుపురుగు పుడుతుంది. వరుసకూ వరుసకూ 30 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు వదిలితే 45 దుంపలు పడతాయి. దుంప కనీసం పెద్ద ఉసిరికాయంత ఉండాలి. అంతకు చిన్నవైతే ఆ ఏడు ఆకులే వస్తాయి, పువ్వు రాదు. భూమి నుంచి తీసిన దుంపను వెంటనే నాటకుండా నెల రోజులు నీడలో ఆరబెట్టాలి. మొన ఆకాశం వైపు ఉండేలా రెండు అంగుళాల లోతులో పెట్టాలి. జూన్‌లో నాటితే మూడు, నాలుగు నెలలకు, అంటే బతుకమ్మ, దసరా నాటికి మొదటి కాడ లేస్తుంది. వారానికి ఒక తడి చాలు. నీళ్లు నిలిచాయా, దుంప కుళ్లుతుంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు అదే మడిలో పూస్తుంది.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇక మా నాయన కథ చెబుతాను.

2007లో నేను తొమ్మిదో తరగతి. మా మండలంలో విమానాశ్రయం కడుతున్న రోజులవి. 2008 మార్చి 23న అక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. మాకు సొంత భూమి లేదు. నాయన అరెకరం కౌలుకు తీసుకుని, అప్పుచేసి, లిల్లీ పెట్టాడు. చుట్టుపక్కల చేలన్నీ అప్పటికే ప్లాట్లయ్యాయి. రాళ్లు పాతి వదిలేశారు. సర్కారు తుమ్మ, గడ్డి మొలిచి అడవిలా అయింది. దున్నేవాడు, గట్టు చెక్కేవాడు లేని చోట ఎలుకలు బాగా పెరుగుతాయి. ఆ చుట్టుపట్ల పచ్చగా, తడిగా ఉన్నది మా అరెకరమే. అన్నీ అక్కడికే వచ్చాయి. ఈ సంగతి అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

సెప్టెంబరులో మొక్కలు అక్కడక్కడ వాడడం మొదలైంది. "నీళ్లు చాలట్లేదేమో" అని నాయన ఇంకో తడి పెట్టాడు. ఇంకా వాడాయి. తెగులేమోనని మందు కొట్టాడు. దసరా సెలవులకు నేను ఇంటికి వెళ్లినప్పుడు ఒక మొక్కను పట్టుకుని లాగాను. ఊరికే చేతికొచ్చింది. కింద దుంప లేదు. కత్తితో గీరినట్టు పళ్ల గాట్లున్న చిన్న ముక్క మాత్రం ఉంది. మడి కింద చేయి పట్టేంత సొరంగం. అరెకరంలో సగానికి పైగా అలాగే పోయింది. ఆ ఏడు నాయన మార్కెట్‌కు పంపిన పూలతో కౌలు డబ్బులే తీరలేదు. మరుసటి ఏడాది కౌలు వదిలేసి, కూలికి పోయాడు. నేను హాస్టల్లో ఉన్నాను కాబట్టి నా చదువు ఆగలేదు.

అందుకే నేను అందరికీ మొదట చెప్పే మాట: మొక్క వాడితే మందు కొనే ముందు ఒక మొక్కను పీకి చూడండి. దుంప మాయమై, పళ్ల గాట్లు ఉంటే ఎలుక. దుంప మెత్తగా కుళ్లి, మొదట్లో తెల్లని బూజు దారాలు, ఆవగింజల్లాంటి గింజలు కనిపిస్తే శిలీంద్రం తెగులు. దుంప ఉండి వేళ్లు కొరికేసి, మట్టిలో వంకర తిరిగిన తెల్లని లావు పురుగు దొరికితే వేరుపురుగు. మూడింటికీ పై నుంచి చూస్తే ఒకటే లక్షణం, వాడడం. మందు మాత్రం ఒకటి కాదు. మా నాయన ఒక ఎలుకకు మూడు రకాల ఖర్చు పెట్టాడు.

ఆ సెలవుల్లో మిగిలిన మంచి దుంపలు కొన్ని జేబు రుమాలులో కట్టుకుని హాస్టల్‌కు తెచ్చాను. నేనూ, నా గదిలోని ముగ్గురు మిత్రులూ కలిసి ట్యాంకు పక్కన మడి కట్టాం. ఎండాకాలం వచ్చేసరికి రెండు కాడలు లేచాయి. రాత్రి స్టడీ అవర్‌లో ఆ వాసన కిటికీలోంచి వచ్చేది. నాలుగో రోజుకే మడి పక్కన కొత్త మట్టి కుప్ప లేచింది. ఒక మిత్రుడు కోపంతో బొరియలో చేయి పెట్టబోయాడు. అన్నం గంజి పారబోయడానికి వచ్చిన వంట పెద్దమ్మ చూసి గట్టిగా అరిచింది. "ఓ పిలగా, బొక్కల చెయ్యి పెట్టకు! తవ్వేది ఎలుక, పండుకునేది పాము!" పెద్దమ్మ మాట అక్షరాలా నిజం. నాగుపాము, కట్లపాము ఎలుక బొరియల్లో దాక్కుంటాయి. మీలో ఎవరూ ఎప్పుడూ ఆ పని చేయవద్దు. కర్రతో పొడవడం కూడా వద్దు. పొరపాటున కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం ఏవీ చేయకుండా, కదలనీయకుండా 108లో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తవ్వేది ఎవరు?

మన వైపు మడులు తవ్వేవాటిలో ముఖ్యమైనది చిన్న పందికొక్కు. బొరియ నోటి దగ్గర తాజా మట్టిని కుప్పగా పోస్తుంది, లోపలి నుంచి మట్టితో నోరు మూసుకుంటుంది, గింజలను లోపల నిల్వ చేస్తుంది. సాధారణంగా ఒక బొరియలో ఒక్కటే ఉంటుంది, పిల్లల తల్లి అయితే తప్ప. రెండోది మెట్ట ఎలుక, ఇది నెర్రెల్లోనూ గట్ల మీదా లోతు లేని బొరియలు చేస్తుంది. ఎలుకకు ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి ఆకలి లేకపోయినా ఏదో ఒకటి కొరకాల్సిందే. ఆడది గర్భం దాల్చిన మూడు వారాలకే ఈనుతుంది.

పది బొరియలు కనిపిస్తే పదీ కాపురమున్నవి కావు. సాయంత్రం అన్నింటినీ మట్టితో మూసేయండి. తెల్లారి ఏవి తెరుచుకున్నాయో అవే బతికున్న బొరియలు. ఈ చిన్న పని చేయకుండా ఎర పెట్టేవాళ్లు సగం ఎరను ఖాళీ ఇళ్లకు పంచుతున్నట్టే.

మన హాస్టల్లో ఎలుకలకు అసలు తిండి లిల్లీ దుంపలు కాదు, స్టోరు రూములోని బియ్యం, మెస్ వెనక పారేసే అన్నం. స్టోరులో తిని, మెత్తగా తవ్విన పూల మడిలో ఇల్లు కట్టుకుంటాయి. బియ్యం బస్తాలను గోడకు అడుగు దూరంలో చెక్కల మీద పేర్చడం, తలుపు కింది సందుకు రేకు కొట్టడం, మిగిలిన అన్నాన్ని మూత ఉన్న డ్రమ్ములో వేయడం – ఇవి చేయకుండా మడి దగ్గర ఎంత తిప్పలు పడ్డా లాభం లేదు. వారం వారం గట్టు మీది గడ్డి కోస్తే ఎలుకకు చాటు ఉండదు.

దుంపకు గట్టి కాపలా కావాలంటే అమెరికాలో, యూరప్‌లో తోటమాలులు ఇనుప జాలీ బుట్టల్లో దుంపలు నాటుతారు. మనం కూడా అర అంగుళం కన్ను ఉన్న జి.ఐ. జాలీని మడి అడుగున, నాలుగు పక్కలా పరిచి దానిపై మట్టి నింపవచ్చు. కోళ్ల జాలీ పనికిరాదు, కన్ను పెద్దది. అయితే జాలీకి డబ్బు కావాలి. డబ్బు లేని మేము 2008లో మెస్‌లో ఖాళీ అయిన 15 కిలోల నూనె డబ్బాలు అడిగి తెచ్చుకున్నాం. పైభాగం కోసి, అంచును సుత్తితో లోపలికి మడిచి, అడుగున మేకుతో ఇరవై రంధ్రాలు కొట్టి, నోరు నేలపై రెండు అంగుళాలు ఉండేలా పాతిపెట్టాం. డబ్బాకు నాలుగు దుంపలు. కోసేటప్పుడు పెద్దవాళ్ల సాయం తీసుకోండి, నా ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. పదో తరగతిలో ఉన్నంతకాలం ఆ డబ్బాల్లో ఒక్క దుంపా పోలేదు. డబ్బా రెండు మూడేళ్లకు తుప్పుపడుతుంది, దుంపలు మార్చే వేళ కూడా అదే.

మడి అంచున వాన లిల్లీ, సాలీడు లిల్లీ నాటడం ఇంకో ఉపాయం. వీటి దుంపల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది కాబట్టి ఎలుకలు సాధారణంగా కొరకవు. పక్క నుంచి సొరంగం తవ్వడం మాత్రం ఆపవు, అందుకే దీన్ని గోడ అనుకోవద్దు. ఆ దుంపలు చూడ్డానికి ఉల్లిగడ్డల్లా ఉంటాయి. చిన్న తరగతుల పిల్లలు నోట్లో పెట్టకుండా చూడాలి.

విషం సంగతి

ఇది హాస్టల్ కోసం కాదు, ఇంట్లో వ్యవసాయం ఉన్న పూర్వ విద్యార్థుల కోసం రాస్తున్నాను. నాయన అప్పట్లో జింక్ ఫాస్ఫైడ్‌ను మొదటి రోజే ఎరలో కలిపి పెట్టాడు. కొన్ని చచ్చాయి. కొద్దిగా తిని బతికినవి మళ్లీ ఆ ఎరను ముట్టలేదు. మా కుక్క ముట్టింది, చచ్చిపోయింది. ఆ మందు వాడితే ముందు రెండు రోజులు విషం లేని నూకలు, నూనె అలవాటు చేయాలి. దానికంటే బ్రోమాడయోలోన్ నయం. నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2 పాళ్లు కలిపి 15 గ్రాముల పొట్లాలుగా బతికున్న బొరియల లోపల పెడతారు. ఎలుక కొన్ని రోజుల తర్వాత చస్తుంది కాబట్టి మిగతావి అనుమానించవు. చేతులకు తొడుగులు వేసుకోవాలి, చచ్చినవాటిని పూడ్చిపెట్టాలి. ఊరంతా ఒకేసారి, పొలాలు ఖాళీగా ఉన్న ఎండాకాలంలో చేస్తేనే ఫలితం. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం శిక్షణ ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తగవు, ఆ విషానికి విరుగుడు లేదు. మనకు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఎలుకల నివారణపై శిక్షణ ఇస్తారు. అనుమానం ఉన్నవాళ్లు మండల వ్యవసాయ అధికారిని అడగండి.

జెర్రిపోతును, గుడ్లగూబను చంపకండి. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను బొరియలోకి వెళ్లి మరీ తింటుంది. తెల్ల గుడ్లగూబ ఇంటి మీద వాలితే చావు కబురని మా నానమ్మ అనేది. దాని ఆహారమంతా దాదాపు ఎలుకలే. విమానాశ్రయాల వాళ్లకు మాత్రం బాధ తిరగబడుతుంది. రన్‌వే పక్క గడ్డిలో ఎలుకలు పెరిగితే వాటి కోసం గద్దలు, గుడ్లగూబలు వస్తాయి, పక్షి తగిలితే విమానానికి ప్రమాదం. అందుకని అక్కడ గడ్డిని, ఎలుకలను అదుపులో ఉంచడం ఒక పెద్ద పని.

నాయన ఇప్పుడు ఇంటి ముందు నాలుగు డబ్బాల్లో లిల్లీ పెంచుతున్నాడు. పొద్దున్నే రెండు కాడలు కోసి గుడికి ఇస్తాడు. ఈ జూన్‌లో హాస్టల్‌కు వస్తాను, ప్రజ్వల్ దుంపలు వంద తెస్తాను. అప్పటివరకు మెస్‌లో ఖాళీ అయ్యే నూనె డబ్బాలు అమ్మేయకుండా దాచి ఉంచమని పెద్దమ్మకు చెప్పండి. పాతిక డబ్బాలు కావాలి.