చుక్క గీతలా కనిపిస్తోందా? కంటిలోని సిలిండర్ పవర్ గురించి తెలుసుకుందాం

అన్ని ఇంద్రియాలలోకి కన్ను ముఖ్యమని పెద్దలు ఊరికే అనలేదు. అయినా మన ఇళ్ళలో కంటి లోపం బయటపడటానికి చాలా ఆలస్యమవుతుంది. చిన్నప్పటి నుండి ఒకే రకంగా చూస్తున్న మనిషికి తాను చూసేదే సరైన చూపు అనిపించడమే దీనికి కారణం. రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీ లైట్లకు పొడవాటి గీతలు కనబడితే అందరికీ అలాగే కనబడతాయనుకుంటాడు. వీధి దీపానికి తోక ఉంటే ఆ దీపమే అంత అనుకుంటాడు. తుపాకీకి బిగించిన గురి అద్దంలో ఎర్ర చుక్క కామాలా కనబడితే పరికరం పాడైందనుకుంటాడు. చాలాసార్లు లోపం దీపంలోనూ ఉండదు, పరికరంలోనూ ఉండదు. కంటిలో ఉంటుంది. దాని పేరు ఆస్టిగ్మాటిజం. కళ్ళద్దాల షాపులో దీనినే 'సిలిండర్ పవర్' అంటారు.

ఆస్టిగ్మాటిజం అంటే ఏమిటి?

మన కంటి నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దానిని కార్నియా అంటారు. బయటి వెలుగును వంచి లోపలి రెటీనా మీద ఒకచోట చేర్చే పనిలో ఎక్కువ భాగం దీనిదే. ఈ పొర బంతిలాగా అన్ని వైపులా సమానమైన వంపుతో ఉంటే, దూరాన ఉన్న చుక్క రెటీనా మీద కూడా చుక్కగానే పడుతుంది.

ఇప్పుడు ఒక చెంచా వెనుక భాగాన్ని చూడండి. పొడవునా ఒక వంపు, అడ్డంగా ఇంకొక వంపు ఉంటాయి. కార్నియా కూడా అలా ఉంటే నిలువుగా వచ్చే వెలుగు ఒకచోట, అడ్డంగా వచ్చే వెలుగు మరొకచోట చేరతాయి. అప్పుడు చుక్క సాగి గీతలా, కామాలా, ఒక్కోసారి చిన్న ద్రాక్ష గుత్తిలా కనిపిస్తుంది. కొందరిలో ఈ తేడా కంటి లోపలి లెన్స్ వల్ల కూడా వస్తుంది.

ఈ లోపాన్ని 1801లో ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ అనే వైద్యుడు తన కంటిలోనే గమనించి వివరించాడు. తరువాత 1825లో జార్జ్ ఎయిరీ అనే శాస్త్రవేత్త తన ఎడమ కంటి చూపును స్వయంగా పరీక్షించుకున్నాడు. అట్టముక్కకు సన్నని రంధ్రం చేసి, ఆ వెలుగు చుక్క ఎంత దూరంలో ఏ దిక్కుకు గీతగా సాగుతుందో కొలిచాడు. ఆ లెక్క ప్రకారం ఇప్స్‌విచ్ ఊరిలోని ఒక పనివాడి చేత ప్రత్యేకమైన అద్దం అరగదీయించుకున్నాడు. నేడు మనం వాడుతున్న సిలిండర్ అద్దాలకు మొదలు అదే.

ఎందుకు వస్తుంది?

1. ఎక్కువ మందిలో పుట్టుకతోనే కార్నియా ఆకారం అలా ఉంటుంది. ఎవరి తప్పూ కాదు.
2. కంటికి దెబ్బ తగిలి కార్నియా మీద మచ్చ పడటం వల్ల.
3. ఎండలో, దుమ్ములో పనిచేసేవారికి తెల్లగుడ్డు నుండి నల్లగుడ్డు మీదకు కండ పెరగడం వల్ల.
4. శుక్లాల ఆపరేషన్‌లో వేసిన కోత, కుట్ల వల్ల.
5. కార్నియా పలచబడి ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ అనే జబ్బు వల్ల.

టీవీ చూడటం వల్ల, మసక వెలుతురులో చదవడం వల్ల ఇది రాదు. 'నీవు ఫోను చూసి తెచ్చుకున్నావు' అని పిల్లవాడిని తిట్టడం వల్ల లాభం లేదు. తిడితే మరునాడు చూపు మసకగా ఉన్నా చెప్పడు.

ఎలా గుర్తించాలి?

దూరమూ దగ్గరా రెండూ కొంచెం మసకగా ఉండటం, అక్షరాల పక్కన నీడలా మరో అక్షరం కనబడటం, చదివిన కాసేపటికి తలనొప్పి, కళ్ళు చిట్లించి చూడటం, తల ఒక పక్కకు వంచి చూడటం, రాత్రి దీపాలకు గీతలు రావడం దీని లక్షణాలు. చీకటిలో కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి పగటికంటే రాత్రిపూట ఇబ్బంది ఎక్కువ.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. దూరంగా ఉన్న ఒక చిన్న దీపాన్ని ఒక కన్ను మూసి చూడండి. దానికి గీత కనబడితే నెమ్మదిగా తల పక్కకు వంచండి. మీ తలతోపాటు గీత కూడా వంగితే ఆ గీత మీ కంటిది లేదా కళ్ళజోడుది. వంగకపోతే అది మధ్యలో ఉన్న కిటికీ అద్దానిదో, బండి అద్దం మీది జిడ్డుదో కావచ్చు. తరువాత అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి అందులో నుండి దూరపు అక్షరాలను చూడండి. అక్షరాలు స్పష్టపడితే అద్దాలతో సరిచేయగల లోపం ఉన్నట్టు. ఈ పరీక్ష డాక్టరు పరీక్షకు బదులు కాదు. ఆస్పత్రికి రావాలని చెప్పే సూచన మాత్రమే.

గురి చూసేవారికి ప్రత్యేకంగా

మన కుటుంబాలలో పోలీసులు, జవానులు, ఎన్.సి.సి. విద్యార్థులు, షూటింగ్ ఆట నేర్చుకునే పిల్లలు ఉన్నారు. విదేశాలలో ఉన్న బంధువులలో కొందరు షూటింగ్ రేంజికి వెళుతుంటారు. వీరికి ఈ లోపం ఒక విచిత్రమైన రీతిలో బయటపడుతుంది.

రైఫిల్ మీద బిగించే 'రెడ్ డాట్' గురి అద్దం పనిచేసే తీరు ఇది. లోపల ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం ఉంటుంది. దాని వెలుగు వంపు తిరిగిన అద్దం మీద పడి తిరిగి మన కంటికి వస్తుంది. లేజరులాగా ఏ కిరణమూ లక్ష్యం మీదకు పోదు. చుక్క చాలా దూరాన ఉన్నట్టు మన కంటికి మాత్రమే తోస్తుంది. ఇలా అద్దంలో ప్రతిబింబంతో గురి చూసే పద్ధతిని ఐర్లండుకు చెందిన హోవర్డ్ గ్రబ్ 1900లో రూపొందించాడు. బ్యాటరీతో పనిచేసే ఎర్ర చుక్క గురి అద్దాన్ని స్వీడన్‌లోని ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో తెచ్చింది.

అంటే ఈ చుక్క ఆకాశంలోని నక్షత్రం లాంటిది. సిలిండర్ లోపమున్న కంటికి నక్షత్రం ఎలా సాగి కనబడుతుందో ఇదీ అలాగే కనబడుతుంది. చుక్క పరిమాణాన్ని ఎం.ఓ.ఏ. అనే కొలతలో చెబుతారు. 2 ఎం.ఓ.ఏ. చుక్క 100 మీటర్ల దూరంలో సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పును కప్పుతుంది. అది కంటిలో సాగితే ఏది మధ్య భాగమో తెలియదు, గురి కుదరదు. పరికరం మార్చినా ఖర్చే మిగులుతుంది.

కాబట్టి కొనేముందు లేక మార్చేముందు ఈ వరుసలో చూడాలి. పరికరం ఆయుధానికి బిగించకుండా విడిగా ఉన్నప్పుడే ఈ పరీక్షలు చేయాలి.

మొదటిది, పరికరాన్ని చేతిలో పట్టుకుని గుండ్రంగా తిప్పండి. చుక్క తోక పరికరంతోపాటు తిరిగితే లోపం పరికరానిది. తిరగకుండా ఒకే దిక్కులో నిలిస్తే లోపం కంటిది.

రెండవది, వెలుగు తగ్గించి ఫోను కెమెరాతో ఆ చుక్కను ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉండి కంటికి మాత్రం సాగి కనబడితే కంటి పరీక్షకు వెళ్ళాలి.

మూడవది, దూరపు చూపుకు సరిపడే సిలిండర్ అద్దాలు పెట్టుకుని మళ్ళీ చూడండి. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరుతుంది.

నాలుగవది, చుక్క వెలుగును కనబడేంత వరకే ఉంచండి. వెలుగు ఎక్కువైతే సాగడం కూడా ఎక్కువగా తెలుస్తుంది.

ఇంతచేసినా ఇబ్బంది ఉంటే, అద్దం మీదనే గుర్తు చెక్కి ఉండే 'ప్రిజం' రకాన్ని చూడవచ్చు. నల్లని గీతగా కనబడే గుర్తు, మెరిసే చుక్క అంతగా చెదరదు. అయితే ఆ పరికరంలో కంటి దగ్గర తిప్పే మర మామూలు పవర్‌నే సర్దుతుంది, సిలిండర్‌ను సర్దదు. మీ కళ్ళతో చూసి ఎంచుకోవడమే మంచిది. ఇతరులకు కుదిరింది మీకు కుదరాలని లేదు.

ఒలింపిక్స్‌లోని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఎర్ర చుక్క అద్దాలు వాడరు. అభినవ్ బింద్రాకు 2008లో బంగారు పతకం, హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్‌కు 2012లో కాంస్య పతకం వచ్చింది ఈ పోటీలోనే. ఇందులో వెనుక సన్నని రంధ్రం, ముందు చిన్న వలయం ఉంటాయి. సన్నని రంధ్రం పైన చెప్పిన అట్టముక్కలాగా చూపును కొంత స్పష్టం చేస్తుంది. ఈ ఆటలో చూపును సరిచేసే కళ్ళద్దాలకు అనుమతి ఉంది. రైఫిల్ మీదకు తల వంచినప్పుడు అద్దం అంచు నుండి చూడవలసి వస్తుంది, దానివల్ల కూడా చుక్క చెదురుతుంది. అందుకని పిల్లవాడు గురి చూసే భంగిమను అద్దాల నిపుణుడికి చూపించండి.

ఉద్యోగం పోతుందేమోనని చూపు లోపాన్ని దాచేవారు కొందరున్నారు. తుపాకీ పట్టిన చేతికి సరైన చూపు లేకపోతే నష్టం ఆ ఒక్కరితో ఆగదు. డాక్టరుకు నిజం చెప్పమని ఇంటివారే ధైర్యం ఇవ్వాలి.

కళ్ళద్దాల చీటీ చదవడం ఎలా?

చీటీలో మూడు అంకెలు ఉంటాయి. మొదటిది మామూలు పవర్ (స్ఫెరికల్). రెండవది సిలిండర్, అంటే వంపులోని తేడా ఎంతో చెప్పేది. మూడవది యాక్సిస్, అంటే ఆ తేడా ఏ దిక్కులో ఉందో 1 నుండి 180 డిగ్రీలలో చెప్పేది. ఈ మూడవ అంకె చాలా ముఖ్యం. సిలిండర్ అద్దం తన స్థానం నుండి 10 డిగ్రీలు తిరిగితే దాని ప్రయోజనంలో సుమారు మూడవ వంతు పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే అద్దం పెట్టుకున్నా పెట్టుకోనట్టే.

అందువల్ల వంగిన ఫ్రేముతో కాలం గడపకూడదు. గుండ్రటి ఫ్రేములో అద్దం వదులైతే లోపలే తిరిగిపోతుంది, వెంటనే బిగించుకోవాలి. బస్టాండు దగ్గర, తిరునాళ్ళలో అమ్మే రెడీమేడ్ జోళ్ళలో సిలిండర్ ఉండదు. ఒకరి జోడు ఒకరు పెట్టుకోవడం వల్ల కూడా ఉపయోగం లేదు.

కొత్తగా సిలిండర్ అద్దాలు పెట్టుకున్నప్పుడు నేల వాలుగా ఉన్నట్టు, గుమ్మం వంకరగా ఉన్నట్టు అనిపించవచ్చు. సాధారణంగా వారం పది రోజులలో అలవాటవుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే చీటీ, జోడు రెండూ తీసుకుని తిరిగి రండి.

పిల్లల విషయంలో ఆలస్యం వద్దు

చిన్న వయసులో మెదడు చూడటం నేర్చుకుంటుంది. సిలిండర్ లోపం ఎక్కువగా ఉండి అద్దాలు లేకపోతే, మసక బొమ్మకే మెదడు అలవాటుపడుతుంది. దీనిని 'లేజీ ఐ' అంటారు. ఒక కంటిలోనే లోపం ఉంటే రెండవ కన్ను పని నెట్టుకొస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఏడెనిమిదేళ్ళ లోపు అద్దాలతో, అవసరమైతే మంచి కంటికి కొన్ని గంటలు పట్టీ వేసి చికిత్స చేస్తే ఫలితం బాగుంటుంది. వయసు పెరిగేకొద్దీ కష్టమవుతుంది. బడిలో చేర్చేముందు ఒకసారి కంటి పరీక్ష చేయించండి. ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావేమోనని మానిపించడం ఆమె చూపును జీవితాంతం తగ్గించడమే.

సిలిండర్ తరచుగా మారుతుంటే

పన్నెండు నుండి పాతికేళ్ళ వయసు వారిలో ఆరు నెలలకోసారి సిలిండర్ పెరుగుతూ ఉంటే, కళ్ళు దురదతో గట్టిగా నలుపుకునే అలవాటు ఉంటే కెరటోకోనస్ ఉందేమో చూడాలి. కార్నియా ఆకారాన్ని కొలిచే స్కాన్‌తో ఇది తెలుస్తుంది. బి2 విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలతో కార్నియాను గట్టిపరిచే క్రాస్ లింకింగ్ చికిత్స ఫలితాలను జర్మనీ వైద్యులు 2003లో ప్రకటించారు. ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. ఇది జబ్బు ముదరకుండా ఆపడానికి. పోయిన చూపు అంతా తిరిగి తేవడానికి కాదు. కాబట్టి తొందరగా రావడం ముఖ్యం. ఈ జబ్బు ఉన్నవారు అద్దాలు తీసేయడానికి చేసే లేజర్ ఆపరేషన్ చేయించుకోకూడదు. ఉద్యోగ నియామకాల కోసం తొందరపడే యువకులు ముందు ఈ స్కాన్ తప్పక చేయించుకోవాలి.

కొన్ని సందేహాలు

అద్దాలు వాడితే పవర్ పెరుగుతుందా? పెరగదు. వాడకపోతే తలనొప్పి, మసక అలాగే ఉంటాయి.

ఆకుకూరలు, క్యారెట్ తింటే సిలిండర్ పోతుందా? అవి కంటి ఆరోగ్యానికి మంచివే. కార్నియా వంపును మాత్రం మార్చలేవు.

అమ్మకు శుక్లాల ఆపరేషన్ చెప్పారు, సిలిండర్ కూడా ఉంది. ఏం చేయాలి? సిలిండర్‌ను సరిచేసే 'టోరిక్' లెన్సులు ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. మామూలు లెన్సు వేయించుకుని తరువాత అద్దాలు వాడినా చూపు బాగానే ఉంటుంది. అప్పు చేయనవసరం లేదు.

కాంటాక్ట్ లెన్సులు వాడవచ్చా? సిలిండర్‌కు సరిపడేవి ఉన్నాయి. కుళాయి నీళ్ళతో కడగకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు.

వెంటనే ఆస్పత్రికి రావలసిన లక్షణాలు

దీపాల చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల వలయాలు కనబడి, కన్ను ఎర్రబడి, నొప్పి, వాంతి ఉంటే అది నీటికాసుల (గ్లకోమా) దాడి కావచ్చు. కళ్ళ ముందు మెరుపులు, నల్లని చుక్కలు, తెర దిగినట్టు ఉంటే రెటీనా ఊడుతూ ఉండవచ్చు. ఇవి సిలిండర్ లక్షణాలు కావు. తెల్లవారేదాకా ఆగకుండా రండి.

గుర్తుంచుకోవలసినవి

● చుక్క సాగి కనబడితే ముందు కన్ను పరీక్ష, తరువాతే పరికరం మార్పు.
● చీటీలోని మూడు అంకెలూ ముఖ్యమే. జోడు వంగకుండా చూసుకోండి.
● బడికి పంపేముందు పిల్లలకు, ఏడాదికోసారి అద్దాలు వాడేవారికి పరీక్ష.
● కళ్ళు నలుపుకోవద్దు. దురద ఉంటే మందు వాడండి.
● రాత్రి బండి నడిపే ఇంటి పెద్దను దీపాలు ఎలా కనబడుతున్నాయని ఒక్కసారి అడగండి.