ఇంటికి డ్యూయల్ బ్యాండ్ రౌటరు

చీమకుర్తి వంటి గ్రానైటు సీమలో రౌటరు కొనదలచిన పంచాయతీ సభ్యులు వెలకు ముందు గోడలను చూడవలెనని మనవి చేయుచున్నాము. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు గోడలు దాటి దూరము పోవును. వేగము తక్కువ, ఇరుగుపొరుగు రౌటర్లతో రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగవంతములు, కాని రాతిగోడ అడ్డమైనచో సన్నగిల్లును. కనుక రెండును గలదానినే ఎన్నుకొనవలెను.

పెట్టెపై '1200' అని అచ్చువేసిన అంకెకు మోసపోరాదు. అది రెండు బ్యాండ్ల మొత్తము. ఏ ఒక్క ఫోనుకును అంత అందదు. వెనుక పోర్టు 100 మెగాబిట్లదైనచో 200 మెగాబిట్ల కనెక్షనుకు నెలనెలా కట్టు సొమ్ములో సగము వృథా! గిగాబిట్ పోర్టు ఉన్నదేమో దుకాణములోనే అడుగవలెను. 50 మెగాబిట్ల కనెక్షను గల ఇంటికి ఆ చింత లేదు.

తెచ్చిన రౌటరును ఇనుప బీరువా చాటున దాచక, నడిమి గదిలో ఎత్తుగా నుంచిన పిల్లల పాఠములకును, మిర్చి ధరలు చూచుటకును మూలగదికి సైతము సంకేతము చేరగలదు.