దస్తావేజు రికార్డుకెక్కేదాకా

ప్లేనో, టెక్సస్

చిరంజీవి శ్రావణికి,

ఫ్రిస్కోలో ఇల్లు కుదిరిందనీ, వచ్చేవారమే సంతకాలనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మీ నాన్నగారికే మనసు కుదుటపడలేదట. "అమ్మేవాళ్లు ఎదురుగా ఉండరట, సాక్షులు లేరట, వేలిముద్రలు లేవట, ఇదేం రిజిస్ట్రేషన్?" అంటున్నారట. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రోజంతా పడిగాపులు పడి ఆస్తి కొన్న మనిషి ఆయన. అలా అనడంలో వింతేమీ లేదు. టైటిల్ కంపెనీలో రోజూ ఈ కాగితాలే చూస్తుంటాను కాబట్టి, ఇక్కడి పద్ధతి నీకు నాలుగు ముక్కల్లో చెబుతాను.

ఇక్కడ డీడ్, అంటే ఇంటి దస్తావేజు మీద సంతకం పెట్టాల్సింది అమ్మేవాళ్లు, అదీ నోటరీ ఎదుట. నీ చేత పెట్టించే బొత్తెడు సంతకాల్లో చాలావరకు బ్యాంకు అప్పు తాలూకువే. అవన్నీ అయ్యాక టైటిల్ కంపెనీ నీ డీడ్‌నూ, ఇంటిని అప్పుకు పూచీగా పెట్టే డీడ్ ఆఫ్ ట్రస్ట్‌నూ కౌంటీ క్లర్క్ ఆఫీసుకు పంపుతుంది. ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే పంపుతున్నాం. అక్కడ వాటికి నంబరు, తేదీ, వేళ వేసి పబ్లిక్ రికార్డులోకి ఎక్కిస్తారు. ఫీజు మొదటి పేజీకి పాతిక డాలర్ల చిల్లర, ఆపైన ప్రతి పేజీకీ 4 డాలర్లు. మన స్టాంపు డ్యూటీలాంటిది టెక్సస్‌లో లేనేలేదు. ఈ మాట మీ నాన్నగారికి ముందు చెప్పు, సగం బెంగ తీరిపోతుంది.

రికార్డు చేయించకపోతే ఏమవుతుందంటావా? అమ్మినవాళ్లకూ నీకూ మధ్య ఆ డీడ్ చెల్లుతుంది. కానీ నీ కొనుగోలు సంగతి తెలియకుండా అదే ఇంటిని డబ్బిచ్చి కొన్న మూడోమనిషి మీదా, అమ్మినవాళ్లకు అప్పిచ్చినవాళ్ల మీదా చెల్లదు. రికార్డుకెక్కితే లోకమంతటికీ తెలిసినట్టే లెక్క. కోర్టులో "మాకు తెలియదు" అంటే కుదరదు.

అయితే ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో. కౌంటీ ఆఫీసు చూసేది నోటరీ ముద్ర ఉందా, చిరునామా ఉందా, ఫీజు కట్టారా అన్నదే. అమ్మినవాళ్లకు అసలు హక్కుందా, నీ పేరు సరిగ్గా ఉందా, లాటు నంబరు నీ ఇంటిదేనా అన్నది వాళ్ల బాధ్యత కాదు. తప్పు రాసి పంపిస్తే ఆ తప్పునే భద్రంగా దాస్తారు. హక్కు సంగతి మా బోటివాళ్లం పాత రికార్డులు తిరగేసి చూస్తాం, దానికి టైటిల్ ఇన్సూరెన్సు కూడా ఉంటుంది. అందులో కొనేవాళ్లకు వర్తించే ఓనర్స్ పాలసీకి ఒక్కసారి కడితే చాలు, వద్దనుకోకు. కానీ నీ పేరు నీకు తెలిసినంత బాగా మాకు తెలియదు కదా.

కాబట్టి ముందు పేరు చూడు. మనవాళ్లకు వచ్చే చిక్కంతా ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సులో పొడి అక్షరం, బ్యాంకులో నడిమి పేరు ఎగిరిపోయి ఉంటుంది. క్లర్క్ ఆఫీసు సూచికలో వెతికేది పేర్లతోనే. మా దగ్గరికి ఇల్లు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయనకు డీడ్‌లో ఇంటిపేరు మొదటి పేరైపోయింది. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని అఫిడవిట్ రాయించాకే పని జరిగింది. నీ పేరు, మీ ఆయన ప్రవీణ్ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం పోల్చుకో.

రెండోది ఆస్తి వివరం. వీధి పేరు, ఇంటి నంబరు సరిపోవు. లాటు, బ్లాకు, సబ్‌డివిజన్ పేరు, దాని పటం రికార్డయిన వివరాలు ఉండాలి. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ పరుచుకుని ఉంది. మీ లాటు ఏ కౌంటీలో ఉంటే డీడ్ ఆ కౌంటీలోనే రికార్డు కావాలి. పక్క వీధివాళ్లది కాలిన్ కౌంటీ ఆఫీసున్న మెకిన్నీకి వెళ్లిందని మీదీ అక్కడికే వెళ్తుందనుకోవద్దు. డీడ్ ఎవరైనా చూడగలిగే కాగితం కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు, లైసెన్సు నంబరు అందులో ఉంటే సంతకాలకు ముందే కొట్టేయించు. ఒకవేళ తప్పు దొర్లినా కంగారుపడకు. సరిదిద్దే పత్రం విడిగా రాయించి రికార్డు చేయించవచ్చు.

డీడ్ ఎక్కాక క్లర్క్ వెబ్‌సైటులో నీ పేరుతో వెతికి చూసుకో. ఆ తర్వాత ఇంటికి ఉత్తరాలు మొదలవుతాయి. "మీ డీడ్ నకలు తెప్పిస్తాం, వంద డాలర్లు పంపండి" అని, చూడ్డానికి సర్కారు నోటీసులాగే ఉంటాయి. చెత్తబుట్టలో వెయ్యి. నకలు కావాలంటే క్లర్క్ ఆఫీసే పేజీకి కొద్దిపాటి రుసుముతో ఇస్తుంది. సొంతంగా ఉండే ఇంటికి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు మాత్రం, ఇంటి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు నువ్వే దరఖాస్తు పెట్టాలి, దానికి పైసా ఖర్చులేదు. 2025 నవంబరులో టెక్సస్ ఓటర్లు ఒప్పుకున్నాక స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తున్నారు. లైసెన్సు మీద కొత్త ఇంటి చిరునామా ఉండాలి, ముందు ఆ పని చూడు.

ఇంకొక్క మాట, అపశకునం అనుకోకు. ఇద్దరి పేర్లూ డీడ్‌లో ఉన్నంతమాత్రాన ఒకరి తదనంతరం ఇల్లు మొత్తం రెండోవాళ్లకు దానంతటదే రాదు. దానికి ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పందం కావాలి. 2015 నుంచి టెక్సస్‌లో ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ అనేది కూడా ఉంది. ఇల్లు ఎవరికి చెందాలో రాసి, బతికుండగానే కౌంటీలో రికార్డు చేయించాలి. రాసి బీరువాలో పెట్టుకుంటే దానికి విలువ లేదు. స్థిమితపడ్డాక లాయరుతో ఓ గంట కూర్చోండి.

డీడ్ ముసాయిదా సంతకాల రోజుకు రెండ్రోజుల ముందే అడిగి తెప్పించుకో. ఆ బల్ల దగ్గర అందరూ తొందరపెడతారు, అక్కడ చదవడం కుదరదు. నాకూ ఒక నకలు పంపు, ఓ కన్నేస్తాను. పాలు పొంగించే ముహూర్తం ఎప్పుడో చెబితే సెలవు పెట్టుకుని వస్తాను.

ప్రవీణ్‌కు ఆశీస్సులు.

ఇట్లు,
పిన్ని