పన్నుకో డాక్టరు, ముక్కుకో డాక్టరు... ఫైలు మాత్రం మనదే

చుండూరు వాళ్ళకు జిల్లా బాపట్ల, బజారు తెనాలి, పెద్దాసుపత్రి గుంటూరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మండలం బాపట్లలో కలిసింది గానీ, ఒంట్లో బాగాలేనప్పుడు ఎటు పోవాలో జీవో చెప్పదు కదా! పన్ను సలిపితే తెనాలి బస్సెక్కుతారు. ముక్కు దిబ్బడ నెలల తరబడి వదలకపోతే గుంటూరు వెళతారు. తలనొప్పికి సందు చివర మెడికల్ షాపు ఉండనే ఉంది. మూడు చోట్ల మూడు చీటీలు. ఆ మూడూ ఒకే మనిషివని, ఒక్కోసారి ఒకే జబ్బువని ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదు. చిక్కేమిటంటే, చాలాసార్లు ఆ మనిషికీ తెలియదు.

పన్ను నొప్పి, సైనస్ బాధ పరామర్శకు నోచుకోని జబ్బులు. గుండెకు ఆపరేషన్ అయితే బంధువులు బత్తాయిలు పట్టుకుని వస్తారు. పిప్పిపన్నుకు ఎవరొస్తారు? “పన్నే కదా” అంటారు, “ఆ సైనస్ అందరికీ ఉండేదే” అంటారు. కానీ ఈ చిన్న జబ్బులు రాత్రి నిద్రను కొరుక్కుతింటాయి. తెల్లారేసరికి నుదురు బరువు, గొంతులో కఫం, నోట్లో చేదు. పిల్లలు ఒకే మాట రెండోసారి అడిగితే కసురుడు. నోరు వాసన వస్తుందేమోనని నలుగురిలో మాట తగ్గుతుంది. పెళ్ళి పంక్తిలో ఒక దవడనే నములుతూ మెల్లగా లేస్తారు. ఫొటోలో పెదవి విప్పరు. ఏళ్ళు గడిచేసరికి “ఆయన స్వభావమే అంత, చిరాకు మనిషి” అని చుట్టుపక్కలవాళ్ళు తేల్చేస్తారు. స్వభావం అని పేరు పడినదాని వెనక, వైద్యం అందని ఒక దవడ పన్ను ఉండొచ్చు.

వ్యక్తిత్వ వికాసం అనగానే వేదిక మీద మాట్లాడటం, ఇంటర్వ్యూలో నెగ్గటం గుర్తొస్తాయి. తన ఒంటి బాధను తానే సరిగ్గా గమనించడం, దాన్ని డాక్టరుకు అర్థమయ్యేలా చెప్పడం, మొదలుపెట్టిన వైద్యాన్ని చివరిదాకా లాగడం కూడా అందులోవే. వీటికి శిక్షణ ఇచ్చేవాళ్ళు లేరు గనక ఎవరికి వాళ్ళే నేర్చుకోవాలి.

కింది వాటా, పై వాటా

ముఖం ఎముకల్లో గాలి నిండిన గదులు నాలుగు జతలు. వాటినే సైనస్‌లు అంటారు. వాటిలో పెద్దవి బుగ్గల వెనక ఉంటాయి. పై దవడలో వెనక పళ్ళ వేళ్ళకూ ఆ గది నేలకూ మధ్య పల్చటి ఎముక పొర మాత్రమే అడ్డం. కొందరిలో అది కూడా సరిగా ఉండదు. కింది వాటాలో పొయ్యి రాజేస్తే పై వాటావాళ్ళు దగ్గినట్టు, పై దవడ పన్ను పుచ్చి వేరు కొసన చీము పడితే పైన సైనస్ వాస్తుంది. ఎదురు దారి కూడా ఉంది. సైనస్ వాచినప్పుడు నిక్షేపంలాంటి పళ్ళు కూడా జివ్వుమంటాయి. పైగా ఆ గదికి ద్వారం అడుగున కాక పైభాగంలో ఉంటుంది. అందువల్ల మనిషి నిలబడి ఉన్నప్పుడు లోపల చేరిన చీమిడి సులువుగా బయటికి రాదు.

ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఇంగ్లండు వైద్యుడు నతానియెల్ హైమోర్ 1651లో అచ్చువేసిన శరీర నిర్మాణ గ్రంథంలో ఈ గదిని వర్ణించాడు. కోరపన్ను తీయించుకున్న ఒక స్త్రీకి ఆ చోటి నుంచి స్రావం ఆగలేదు. ఆమె ఆ కన్నంలోకి ఈక దూర్చి చూసింది. అది లోపలికి పోతూనే ఉండటంతో మెదడు దాకా వెళ్ళిందని హడలిపోయింది. అక్కడ సహజంగానే ఒక ఖాళీ గది ఉందని హైమోర్ చెప్పాడు. వైద్యులు ఇప్పటికీ ఆ గదికి అతని పేరు వాడతారు. అయినా పన్ను డాక్టరు దగ్గర ముక్కు సంగతి, ముక్కు డాక్టరు దగ్గర పన్ను సంగతి ఎత్తని రోగులు నేటికీ కోకొల్లలు.

అయితే ఏది ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం ఎలా? నిర్ణయించేది డాక్టరే, కానీ గుర్తులు చెప్పాల్సింది రోగి. ఒకే పన్ను, అదీ వేడి, చల్లన తగిలినా గట్టిది కొరికినా సలిపితే అనుమానం పన్ను మీదికి పోతుంది. పై దవడ పళ్ళన్నీ కలిపి మొద్దుగా నొప్పెడుతూ, ముందుకు వంగితే బరువు పెరిగితే అనుమానం సైనస్ మీదికి పోతుంది. ఒక ముక్కు నుంచే చీమిడి, అందులో కుళ్ళు వాసన, మందులు వాడినా తిరగబెట్టడం... ఈ మూడూ కలిస్తే పై పళ్ళు చూపించుకోకుండా ఊరుకోకూడదు. మామూలు ఎక్స్‌రేలో కనబడని వేరు జబ్బు సీటీ స్కాన్‌లో బయటపడే సందర్భాలున్నాయి.

ఇంకో పొరపాటు కూడా బాగా అలవాటైపోయింది. ప్రతి తలనొప్పికీ సైనస్ పేరు పెట్టేయడం! అమెరికాలో తమది సైనస్ తలనొప్పే అనుకున్న 2,991 మందిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలు, అంటే మనవాళ్ళనే పార్శ్వపు నొప్పి. ఏళ్ళ తరబడి ఆవిరి పట్టినా తగ్గని తలనొప్పికి అసలు పేరు వేరే ఉండొచ్చు.

మినుము నూర్పిడి, మంచు, ముక్కు చుక్కలు

డెల్టాలో బతుకుతూ ముక్కును కాపాడుకోవడం అంత తేలిక కాదు. వరి కోతలప్పుడు ధూళి, ధనుర్మాసంలో మంచు, మాగాణి మినుము నూర్పిళ్ళప్పుడు పొట్టు, దుగ్గిరాల పసుపు యార్డు పనికి పోయేవాళ్ళకు పసుపు దుమ్ము. పనికి వెళ్ళొద్దని ఎవరూ అనలేరు. కాబట్టి మూతికి తువ్వాలు గట్టిగా కట్టుకోవడం, అంతకన్నా మేలు మాస్కు పెట్టుకోవడం, ఇంటికి రాగానే ముక్కు కడుక్కోవడం దినచర్యలో చేరాలి.

ముక్కు కడగటానికి ఉప్పునీళ్ళు మంచివి. పావు లీటరు నీటికి అర చెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా చాలు. ఆ నీళ్ళు మాత్రం తప్పకుండా మరిగించి చల్లార్చినవి కావాలి. కాలవ నీళ్ళు, బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు తిన్నగా వాడకూడదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో 2011లో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, మెదడును తినే అమీబా సోకి చనిపోయారు. అదే నీటిని తాగితే ఆ అమీబా ఏమీ చేయదు. ముక్కులోకి ఎక్కితేనే ప్రమాదం.

ముక్కు చుక్కల మందు సంగతి మరీ విచిత్రం. వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. ఆ సుఖం మరిగి ఏళ్ళ తరబడి జేబులో సీసా పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు. నాలుగైదు రోజులు దాటితే ఆ మందే ముక్కును మళ్ళీ మూసేస్తుంది, మూసిందని మళ్ళీ వేస్తారు. డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ స్ప్రే నడక దీనికి పూర్తిగా ఎదురు. మొదటి రోజు ఏమీ తెలియదు, పూర్తి గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. దాన్ని ముక్కు మధ్య గోడకు కాకుండా, చెవి వైపుకు వాలేలా కొట్టుకోవాలి. వెంటనే సుఖమిచ్చేది ముద్దు, నిదానంగా పనిచేసేది చేదు అనే అలవాటును ఈ రెండు సీసాల దగ్గరే మార్చుకోవచ్చు.

పన్నుకూ ముక్కుకూ మరో లంకె ఉంది. ముక్కు మూసుకుపోయినవాళ్ళు రాత్రంతా నోటితో గాలి పీలుస్తారు. నోరు ఎండిపోతుంది. పళ్ళకు కాపలా కాసే లాలాజలం తగ్గి, పుచ్చు పెరుగుతుంది. అందుకే ముక్కు దిబ్బడ ఉన్నవాళ్ళు రాత్రి పళ్ళు తోమకుండా పడుకోవడం రెట్టింపు నష్టం.

భయానికి మందు: తెలుసుకోవడం

“పై పన్ను పీకిస్తే చూపు పోతుంది” అనే మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. అది నిజం కాదు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపు నరం వేరు. ఈ ఒక్క భయంతో చీము పట్టిన పళ్ళను ఏళ్ళ తరబడి మోస్తున్న పెద్దవాళ్ళు ఊరూరా ఉన్నారు. నిజానికి చీమును వదిలేయడమే ప్రమాదం. అది పాకితే కన్ను వాచే స్థితి కూడా రావచ్చు.

ఇంటి వైద్యాల్లోనూ మేలుకీడులు చూసుకోవాలి. లవంగ నూనెలోని యూజినాల్‌ను దంతవైద్యులు కూడా తాత్కాలిక పూతల్లో వాడతారు, కాబట్టి అమ్మమ్మ మాటలో పస ఉంది. నొప్పి ఉన్నచోట ఆస్పిరిన్ బిళ్ళ అదిమిపెట్టుకోవడం మాత్రం చిగురును కాలుస్తుంది.

ఇక సూది భయం. ఇప్పుడు పన్ను దగ్గర ఎక్కువగా వాడే మత్తుమందు లిగ్నోకైన్. దీన్ని 1943లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేస్తే, ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన ఒంట్లోకే ఎక్కించుకుని పరీక్షించాడు. 1948లో అది అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు తరాలవాళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1789లో ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. దేశాధ్యక్షుడికి దక్కని వైద్యం ఇవాళ తెనాలిలో దొరుకుతోంది. కుర్చీలో కూర్చునే ముందు “నొప్పి తెలిస్తే ఎడమ చెయ్యెత్తుతాను, ఆపండి” అని డాక్టరుతో ఒప్పందం చేసుకుంటే భయం చాలావరకు దిగుతుంది. అడగటానికి మొహమాటపడక్కర్లేదు.

సగంలో వదిలేసే రోగం

రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్‌తోనే సలుపు పోతుంది. సలుపు పోగానే చాలామంది తెనాలి దారి మరిచిపోతారు. డాక్టరు పెట్టింది తాత్కాలిక సిమెంటు. అది కొన్ని వారాలకే ఊడుతుంది, సూక్ష్మజీవులు మళ్ళీ దిగుతాయి. చివరికి దవడ పన్నుకు క్యాప్ వేయించకపోతే అది చీలిపోయి, పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. డబ్బే అడ్డమైతే ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల, గుంటూరు పక్క తక్కెళ్ళపాడులో సిబార్ దంత కళాశాల ఉన్నాయి. కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు సాధారణంగా తగ్గుతుంది.

పన్ను తీయించుకున్నాక చెప్పిన జాగ్రత్తలు కూడా సగంలో వదలకూడదు. దూది ఉండను అరగంటైనా అదిమి ఉంచాలి. ఆ రోజు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం, చుట్ట, సిగరెట్టు వద్దు. గడ్డకట్టిన రక్తం కదిలిపోతే అసలు నొప్పి అప్పుడు మొదలవుతుంది. ఉప్పునీటి పుక్కిలింత మర్నాటి నుంచి. పై దవడ పన్ను తీశాక తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తే, సైనస్‌కు దారి పడిందని అర్థం. ముక్కు గట్టిగా చీదకుండా, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మి, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

యాంటీబయాటిక్స్ విషయంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోవాలి. ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచే 1948లో టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను నేటికీ సైనస్‌కు, చిగుళ్ళ జబ్బుకు కొందరికి రాస్తారు. అదే కుటుంబపు మందులు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు వాడితే పళ్ళు శాశ్వతంగా రంగు మారవచ్చు. ఎంత గొప్ప మందైనా ఎవరికి, ఎంత, ఎన్ని రోజులు అన్నది చూడాలి. ఆ లెక్క మెడికల్ షాపు కౌంటరు దగ్గర తేలదు. పైగా వేరులో చీము ఉన్నంతకాలం బిళ్ళలు నొప్పిని వాయిదా వేస్తాయి తప్ప జబ్బును తీసేయలేవు.

దీర్ఘకాలం వైద్యంలో ఉన్నా మనిషి చిన్నబోనక్కర్లేదని చెప్పడానికి తెనాలి మనిషే ఉన్నారు. ఐతానగర్‌కు చెందిన ఆలూరి వెంకట సుబ్బారావు 1932లో క్షయతో మదనపల్లె శానటోరియంలో చేరారు. అక్కడే బెంగాలీ నేర్చుకుని, తర్వాత శరత్ నవలలను తెలుగు చేశారు. 1947లో వచ్చిన ‘చందమామ’ వెనక ఉన్న చక్రపాణి ఆయనే. వైద్యం తీసుకుంటూనే పని పెంచుకున్న మనిషి ఆయన.

ఒక ఫైలు, ఐదు మాటలు

సైనస్ పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. అంత కాలం జరిగినది ఎవరికీ నోటికి గుర్తుండదు. పది రూపాయల ప్లాస్టిక్ ఫైలు ఒకటి చాలు. అందులో ఒక కాగితం మీద ఐదు సంగతులు రాసి పెట్టుకోవాలి. బాధ ఎప్పుడు మొదలైంది, ఏ వైపు? ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది? ఏ పన్నుకు ఏ పని, ఎప్పుడు చేయించారు? ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, రోజులు ఏమిటి? షుగరు, బీపీ, రక్తం పల్చబడే మందులు ఉన్నాయా? ఆ చివరి మందులు సొంత నిర్ణయంతో ఆపకూడదు. సెల్‌ఫోను వాడకం వచ్చినవాళ్ళు ఆభా అనే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరుతో రికార్డులు దాచుకోవచ్చు. లేదంటే ఎక్స్‌రే, చీటీలు ఆ ఫైల్లోనే.

ఇంట్లోవాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. “ఈ వారం పన్ను పనిలో ఉన్నాను, కాస్త విసుక్కుంటే పట్టించుకోకండి” అంటే చాలు, సగం గొడవలు పుట్టవు. మౌనంగా భరించి చివరికి అన్నం కంచం దగ్గర పేలిపోవడం కంటే ఇది ఎంతో మేలు.

కొన్నిటికి మాత్రం ఫైలూ, ఓర్పూ పనికిరావు. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనబడటం, తీవ్ర జ్వరంతో మెడ బిగుసుకోవడం, దవడ కింద వాచి మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం... వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంటు చూసుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి.

తక్కినవాళ్ళు ఈ వారమే రెండు పనులు చేయండి. సగంలో ఆగిన పన్ను పని ఉంటే ఆ డాక్టరుకు ఫోన్ చేసి తేదీ అడగండి. ఈసారి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పళ్ళ సంగతి, పన్ను డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ముక్కు సంగతి వాళ్ళు అడగకముందే చెప్పండి.