తోడేలు వచ్చిన వేళ
(చదువవలసిన భాగము: యోహాను 10:11–13)

కాపరికిని జీతగానికిని గల భేదము ఎండకాలపు పచ్చికలో కనబడదనియు, తోడేలు వచ్చినప్పుడే తేలుననియు మన ప్రభువు ఈ వచనములలో బోధించుచున్నాడు. ఇంగ్లాండులో డెర్బీషైరు కొండల నడుమనున్న ఈమ్ అను గ్రామమునకు అట్టి వేళ 1665లో వచ్చెను.

లండను నుండి ఒక దర్జీ యింటికి వచ్చిన బట్టలతో ప్లేగు ఆ యూర ప్రవేశించెనని చెప్పుదురు. శీతకాలమున కొంత తగ్గినను, 1666 జూన్‌లో తిరిగి విజృంభించెను. జనులు పారిపోవ సిద్ధపడిరి.

అప్పటి ఆంగ్లికను గురువు విలియం మాంపెసన్ 30 ఏండ్లైన నిండనివాడు; ఊరికి క్రొత్తవాడు. జనుల మనస్సు పూర్వపు బోధకుడైన థామస్ స్టాన్లీ మీదనే యుండెను. ప్యూరిటను అభిప్రాయములు గల స్టాన్లీ, 1662 నాటి శాసనము విధించిన ప్రార్థన పుస్తకమునకు సమ్మతింపక పదవి పోగొట్టుకొనినవాడు. అట్టివాని స్థానములో కూర్చున్నవాడు అతని సహాయము కోరుట సులభమా? పాత గురువు, క్రొత్త గురువు ఎదురుపడినప్పటి ముఖములు మనమును చూచియున్నాము. అయినను మాంపెసన్ కోరెను, స్టాన్లీ కాదనలేదు.

ఇద్దరును ఏకముగా నిలిచి చెప్పినందుననే జనులు వినిరి. ఎవరును ఊరి హద్దు దాటరాదు. దేవాలయము మూసి, లోయలో ఆరుబయట, కుటుంబములు ఎడమెడముగా నిలిచి ఆరాధించవలెను. ఎవరి మృతులను వారే పాతిపెట్టుకొనవలెను. డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపించెను. హద్దురాతి యొద్ద దించిన సరుకులకు వెల నాణెములను చిరకలో వేసి యుంచెడివారు. హాన్‌కాక్ అను ఇంటి స్త్రీ ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చెను.

మాంపెసన్ తన యిద్దరు బిడ్డలను ముందుగానే యార్క్‌షైరునకు పంపివేసెను. దీనిని తప్పు పట్టువారు కలరు. నాకు ఆ ధైర్యము లేదు. భార్య కేథరీనును కూడ వెళ్లుమని బతిమాలెను గాని, ఆమె భర్తను విడువనొల్లక ఆగస్టులో మరణించెను.

నవంబరు నాటికి తెగులు ఆగెను. మృతులు సుమారు 260 మంది. హద్దు మూయుటచే లోపలి మరణములు హెచ్చెనా యని చరిత్రకారులు నేటికిని తర్కింతురు. చుట్టుపట్ల గ్రామములకు మాత్రము తెగులు ప్రాకలేదని చెప్పుదురు.

తరువాత మాంపెసన్ నాటింగ్‌హామ్‌షైరులోని ఈక్రింగ్‌నకు మారెను. అచ్చటి సంఘస్థులు అతనివలన తెగులు అంటునని భయపడగా, కొంతకాలము ఊరి వెలుపల గుడిసెలో నివసించెనందురు. 1709లో మరణించెను.

స్టాన్లీ ఈమ్‌లోనే నిలిచెను. శాసనమునకు లోబడని యతనిని వెళ్లగొట్టుమని కొందరు డెవన్‌షైరు ప్రభువును కోరిరి. అట్టి మనుష్యునికి దేశమంతయు కృతజ్ఞత చూపుట న్యాయమని ఆ ప్రభువు వారిని త్రిప్పి పంపెను. 1670లో స్టాన్లీ ఆ యూరనే కన్నుమూసెను.