గీజరు గడగడలాడితే ఏమి చేయాలి?



నవంబరు దాటి చలి మొదలైతే వైట్‌ఫీల్డ్‌లోని మన ఇళ్లలో తెల్లవారుజామున అందరికంటే ముందు మేల్కొనేది గీజరు. కొన్ని ఇళ్లలో అది చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. మరికొన్ని ఇళ్లలో స్విచ్చి వేసిన కొద్దిసేపటికే గడగడమంటూ గోడ అదిరేలా మోగుతుంది. ఒక శీతాకాలంలో ఊరినుండి మా ఇంటికి వచ్చిన అత్తగారు ఆ శబ్దం విని, “పై అంతస్తులో ఎవరైనా రోట్లో రుబ్బుతున్నారా అమ్మా?” అని అడిగారు. రుబ్బుతున్నది పై అంతస్తువారు కాదు, మా గీజరే.

మెకానిక్కును పిలిపించాము. “పాతబడితే అంతేనండి” అన్నాడు. గీజరు కింద ఒక వాల్వునుండి నీటిచుక్కలు పడుతుంటే, ఆ రంధ్రానికి బిరడా బిగించి వెళ్లిపోయాడు. చుక్కలు ఆగినందుకు మేమూ సంతోషించాము. నెల తరువాత వచ్చిన వేరొక మెకానిక్కు ఆ బిరడాను చూసి మొదట కరెంటు ఆపివేశాడు. “శబ్దం సంగతి తరువాత చూద్దాం, ముందు దీన్ని తీయాలి” అన్నాడు. అతడెందుకు అంత కంగారుపడ్డాడో తెలుసుకోవడం ఈ పాఠంలో ముఖ్యమైన భాగం.

1. ముందుగా మన నీళ్ల సంగతి

వైట్‌ఫీల్డ్ ప్రాంతం ఏళ్ల తరబడి బోరునీళ్లమీద, ట్యాంకరు నీళ్లమీద ఆధారపడింది. ఇక్కడ నేల అడుగున ఉన్నది గట్టి రాతి పొర. ఆ రాతి పగుళ్లలో ఎంతోకాలం నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. మన ఊళ్లలో పెద్దలు ఇలాంటి నీటిని పరీక్షించడానికి ఏ ప్రయోగశాలకూ వెళ్లలేదు. పప్పు ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా అది కఠినజలమని గుర్తుపట్టేవారు. నీళ్లు కాచే కాగు లోపల తెల్లగా పేరుకునే సున్నపు పొరను కూడా మనలో చాలామంది చూసినవారమే.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటివసతి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. తాగడానికి అనుమతించిన నీరైనా గీజరుకు భారమే కావచ్చు. 2024 అక్టోబరులో కావేరి 5వ దశ పథకం ప్రారంభమై, నగరపు అంచుల్లోని 110 గ్రామాలకు నది నీరు అందే మార్గం ఏర్పడింది. కావేరి నీరు బోరునీటికంటే మృదువైనది. అయితే చాలా అపార్టుమెంట్లలో రెండు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి గనుక మీ కొళాయిలో వచ్చేది ఏ నీరో విచారించి తెలుసుకోండి.

2. శబ్దం ఎలా పుడుతుంది?

పంచదార, ఉప్పు వంటివి నీరు వేడెక్కితే మరింత బాగా కరుగుతాయి. సున్నపు లవణాల నడక దీనికి విరుద్ధం. కఠినజలాన్ని కాచినప్పుడు అందులోని కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. నీరు ఎక్కడ అత్యంత వేడిగా ఉంటుందో అక్కడే, అనగా ఎలిమెంటు మీదనే, అది గట్టి పెంకుగా కడుతుంది. విరిగిన పెచ్చులు ట్యాంకు అడుగున చేరతాయి.

ఆ పెంకుకు సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోనికి చొచ్చిన కొద్దిపాటి నీరు ఎలిమెంటుకు ఆనుకొని, ఎటూ కదలలేక మరిగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి బుడగ పెంకు దాటి బయటి నీటిలోనికి రాగానే చల్లబడి ఠప్పున కూలిపోతుంది. ఇలా వేలాది బుడగలు పుట్టి కూలిపోవడమే మనకు వినబడే గడగడ. టీ కెటిలు మరగడానికి ముందు చేసే రొద కూడా ఇటువంటిదే.

పెంకువల్ల కరెంటు బిల్లు అమాంతం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఎలిమెంటు నీటిలోనే మునిగి ఉంటుంది గనుక ఆ వేడి చివరికి నీటికే చేరుతుంది. అసలు నష్టం ఎలిమెంటుకే. తన వేడిని త్వరగా వదిలించుకోలేక అది అతిగా వేడెక్కి, చివరకు కాలిపోతుంది. గీజరు మీద ఎన్ని నక్షత్రాల గుర్తు ఉన్నా దానికి ఈ విషయంలో మినహాయింపు లేదు.

3. ఏ శబ్దానికి ఏ కారణం?

గడగడ, చిటపట: ఎలిమెంటు మీద పెంకు, అడుగున పెచ్చులు. వెంటనే ప్రమాదం లేదు గాని, శుభ్రం చేయించవలసిన సమయం వచ్చింది.

టిక్కుమనడం: థర్మోస్టాటు కరెంటును కలపడం, తెంపడం, లేక లోహం వేడికి సాగడం. ఇది సహజం.

కొళాయి కట్టగానే ఢక్కుమనడం: ఇది గీజరు తప్పు కాదు. వేగంగా వస్తున్న నీరు ఒక్కసారిగా ఆగి గొట్టాన్ని తన్నుతుంది. ప్రెషరు పంపు ఉన్న భవనాలలో ఇది ఎక్కువ. కొళాయిని మెల్లగా కట్టండి. వదులైన గొట్టాలకు క్లాంపులు వేయించండి. నీటి ఒత్తిడి ఎక్కువైతే తగ్గించే వాల్వు పెట్టించండి.

సాకెట్టు దగ్గర చిరచిర, కాలిన వాసన: వదులైన వైరింగు. వెంటనే ఎం.సి.బి. ఆపండి. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి.

ఆగకుండా సలసల మరగడం, కొళాయినుండి ఆవిరి రావడం: థర్మోస్టాటు పని చేయడం లేదని అర్థం. ఇది అన్నిటికంటే అపాయకరమైన గుర్తు. ఎం.సి.బి. ఆపి, మెకానిక్కు వచ్చేవరకు మరల వేయవద్దు. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు చేర్చడానికి 2 కిలోవాట్ల ఎలిమెంటుకు సుమారు అరగంట చాలు. గంట దాటినా సూచిక దీపం ఆరకపోతే అనుమానించండి.

4. మూయకూడని రంధ్రం

నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వచ్చేసరికి 25 లీటర్ల నీరు దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. నీరు వెనుకకు పోకుండా ఆపే వాల్వు ఉన్నచోట ఆ అదనపు నీటికి దారి కావాలి. సేఫ్టీ వాల్వు ఉన్నది అందుకే. వేడెక్కేటప్పుడు దానినుండి కొద్ది కొద్దిగా చుక్కలు పడటం లోపం కాదు. గీజరు చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వులో మురికి చేరిందో, నీటి ఒత్తిడి ఎక్కువైందో చూపించాలి.

ప్రెషరు కుక్కరు వెయిటును ఎవరైనా బిగించి కట్టివేస్తారా? సేఫ్టీ వాల్వు రంధ్రానికి బిరడా వేయడం అటువంటి పనే. దానికి తోడు థర్మోస్టాటు కూడా పాడైన యెడల లోపలి నీరు ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటినా నీరుగానే ఉంటుంది. ట్యాంకు పగిలిన క్షణంలో అందులో కొంత భాగం ఆవిరిగా మారుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. గోడలు కూల్చే బలం అక్కడినుండే వస్తుంది. మా ఇంట్లో రెండవ మెకానిక్కు కంగారుకు కారణం ఇదే. చుక్కలు ఇబ్బందిగా ఉంటే చిన్న గొట్టం తగిలించి, దాని కొనను తెరచి ఉంచి, నీటిని డ్రెయినులోనికి పోనివ్వండి. రంధ్రాన్ని మాత్రం ఎన్నడూ మూయవద్దు.

5. మరమ్మతు, జాగ్రత్తలు

బోరునీళ్లు వాడే ఇంట్లో ఏటా ఒకసారి, చలికి ముందే, గీజరు విప్పించి శుభ్రం చేయించండి. ఇది తెలిసిన మెకానిక్కు చేయవలసిన పని. మీరు దగ్గర ఉండి ఈ సంగతులు గమనించండి.

ముందు ఎం.సి.బి. ఆపాలి. నీరు చల్లారిన తరువాతనే ఖాళీ చేయాలి. ఎలిమెంటు పెంకును సుత్తితో కొట్టకుండా, పలుచని నిమ్మ ఉప్పు ద్రావణంలో నానబెట్టి వదిలించాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వాడనివ్వవద్దు, అది లోహాన్ని తినివేస్తుంది. మెగ్నీషియం కడ్డీని చూపమని అడగండి. ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ కడ్డీ తానే అరిగిపోతుంది. సన్నని తీగలా మిగిలితే మార్పించండి. రబ్బరు వాషరు కొత్తది వేయించండి. చివరిగా, వేడినీళ్ల కొళాయి తెరచి గాలి అంతా పోయి నీరు ధారగా వచ్చిన తరువాతనే స్విచ్చి వేయాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది.

థర్మోస్టాటును 60 డిగ్రీల దగ్గర ఉంచండి. ఇంకా పెంచితే పెంకు త్వరగా కడుతుంది. బాగా తగ్గిస్తే నిల్వ నీటిలో క్రిములు పెరగవచ్చు. 60 డిగ్రీల నీరు కూడా కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని కాల్చగలదు గనుక పిల్లలకు, వృద్ధులకు బకెట్టులో మొదట చన్నీళ్లు పట్టి, తరువాత వేడినీళ్లు కలపండి.

6. గ్యాసు గీజర్లు, చలిదేశాల బాయిలర్లు

గ్యాసు గీజరు వెలిగేటప్పుడు ఢబ్బుమంటే గ్యాసు ఆలస్యంగా అంటుకుంటున్నదని అర్థం. దానిని వాడటం ఆపి చూపించండి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టకూడదు. దానినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

బ్రిటన్ వంటి చోట్ల స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో ఇల్లంతా వేడిచేసే బాయిలర్లు ఉంటాయి. ఇంగ్లండు, వేల్సులలో 2005నుండి కొత్తగా పెట్టే గ్యాసు బాయిలర్లు సాధారణంగా పొగలోని ఆవిరినుండి కూడా వేడిని రాబట్టే రకమే అయి ఉండాలి. వాటిలో నీరు సన్నని దారులగుండా పోతుంది గనుక పెంకు కడితే అవీ కెటిలులా మోగుతాయి. అక్కడ మంట ఒకవైపు, నీరు మరొకవైపు. మధ్యలో పెంకు అడ్డుపడితే వేడి పొగగొట్టంగుండా వృథాగా పోతుంది. గడ్డకట్టే చలిలో గుడగుడమంటే, నీటిని బయటికి పంపే సన్నని గొట్టం మంచుతో మూసుకుపోయి ఉండవచ్చు. గ్యాసు భాగాన్ని మాత్రం లైసెన్సు ఉన్నవారే ముట్టుకోవాలి.

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

1. మీ గీజరు సేఫ్టీ వాల్వు ఎక్కడ ఉంది? దాని రంధ్రం తెరచి ఉందా?
2. గీజరు ఎం.సి.బి. ఏదో ఇంట్లో అందరికీ, పెద్దవారితో సహా, తెలుసా?
3. ఎలిమెంటును చివరిసారి ఏ సంవత్సరంలో శుభ్రం చేయించారు?
4. ఈ వారం గీజరు వేసి ఐదు నిమిషాలు దగ్గర నిలబడి వినండి. పై శబ్దాలలో మీకు వినబడినది ఏది?

అద్దె ఇంట్లో ఉన్నవారు మొదటి ప్రశ్నను రేపటికి వాయిదా వేయవద్దు. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవారు ఏమి బిగించి వెళ్లారో మీకు తెలియదు.