ముండ్ల నడుమ పైరు

వాక్యభాగము: మార్కు 4:13-20; లూకా 10:38-42
పాఠ్యోద్దేశము: దినదిన చింతల నడుమ మన విశ్వాసము ఫలించునట్లు కాపాడుకొనుట



విత్తువాని ఉపమానము మనము బాల్యమునుండి సండే స్కూలులో నేర్చుకొన్నదే. ముండ్ల నడుమ పడిన విత్తనము ఏమైనదని పిల్లల నడిగితే, "చచ్చిపోయిందండి" అని వెంటనే జవాబు చెప్పుదురు. పెద్దలమైన మనమును అట్లే అనుకొందుము. అయితే వాక్యమును నిదానముగా చదువుడి. ఆ పైరు చచ్చినదని అక్కడ లేదు. ముండ్లు దానిని అణచినందున పంట రాలేదని మాత్రమే యున్నది. లూకా 8:14లోను ఇదే భావము కలదు. ఈ భేదము చిన్నది కాదు.

తుంగభద్ర ఆయకట్టు క్యాంపులలో వరి పండించు మన సహోదరులకు ఈ సంగతి బాగుగా తెలియును. కలుపు తీయని మడి దూరమునుండి పచ్చగానే కనబడును. కోత దినమున చూచిన, కంకులలో తాలు ఎక్కువ. సంఘపు రిజిష్టరులో మన పేరున్నది, ఆదివారము మన స్థలములో మనము కూర్చుండుచున్నాము, చందా చెల్లించుచున్నాము. పచ్చగానే యున్నాము. గింజ పట్టినదా?

1. చింత మనకు తెలియకుండ పెరుగును

కలుపు ఒక్క రాత్రిలో మడిని కప్పదు. పైరుకు వేసిన ఎరువునే తిని, పైరుకు పెట్టిన నీళ్లే త్రాగి పెరుగును. ఐహిక చింతయు మన ప్రార్థనకు చెందిన సమయమునే తిని పెరుగును.

మా యింటి సంగతి చెప్పుటకు సిగ్గుపడుచున్నాము, అయినను చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట జబ్బు వచ్చి, ఆస్పత్రి చుట్టు తిరుగుటతో కుటుంబ ప్రార్థన ఒక పూట తప్పినది, తరువాత ఒక వారము తప్పినది. జబ్బు నయమైనది గాని ప్రార్థన తిరిగి మొదలు కాలేదు. ఒక దినము మనుమడు బైబిలు తెరచి, "తాతయ్యా, ఇందులో మందుల రశీదు ఉంది" అని తెచ్చి యిచ్చెను. మేము చదువుట ఆపిన చోట గుర్తుగా పెట్టినది అదే. దానిపై తేదీ చూడగా పదునాలుగు నెలలు గడచియుండెను. ఆ పదునాలుగు నెలలును మేము సంఘములో పెద్దగా కూర్చుండి, ఇతరులకు ప్రార్థనను గూర్చి బోధించుచునే యుంటిమి. విశ్వాసమును విడిచితిమని మేమెన్నడును అనుకొనలేదు. పైరు పచ్చగానే యుండెను.

2. పని తప్పు కాదు

మార్త వంట చేసినందుకు ప్రభువు ఆమెను గద్దింపలేదు. ఆమె మనస్సు అనేకమైన వాటి వెంట పరుగెత్తినందుకే ప్రేమతో మందలించెను. ఆమె మొదట చెల్లెలిపై ఫిర్యాదు చేసెను, తరువాత తన్నుగూర్చి ప్రభువునకే చింత లేదన్నట్లు మాటలాడెను. చింత ముదిరినదనుటకు గురుతు ఇదే. ఇంటివారిమీద విసుగు, సంఘముమీద సణుగు, చివరకు దేవునిమీద నిష్ఠూరము.

అయితే మార్త కథ అక్కడ ముగియలేదు. యోహాను 11:27లో తమ్ముడు సమాధిలో నుండగనే ఆమె ప్రభువును క్రీస్తని ఒప్పుకొనెను. యోహాను 12:2లో మరల వడ్డించుచు కనబడుచున్నది. పని అదే, ఇప్పుడు ఫిర్యాదు మాత్రము లేదు. పని మానుకొమ్మని ప్రభువు మనకు చెప్పుట లేదు.

3. కాలువ గట్టున వాక్యము

మన పితరులు దీనిని ఆచరించి చూపిరి. 1876-78 కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసికొని ఆకలిగొన్నవారికి కూలి పని చూపిరి. బోధకులే మేస్త్రీలుగా నుండి, కూలీలు అలసి కూర్చుండినప్పుడు, ప్రయాసపడువారికి విశ్రాంతినిచ్చు ప్రభువును గూర్చి చెప్పిరి. కూటికొరకు ఎవరును మతములో చేరకూడదని కరవు సహాయము జరుగు కాలములో బాప్తిస్మములు నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు చింతలు తీరినవారు కారు. పార, తట్ట ప్రక్కన పెట్టిన కొద్ది నిమిషములలో వాక్యము వినినవారు. ఆ కాలువ నేటికిని మన తెలుగు కుటుంబములు కాపురమున్న చెన్నపట్టణము మీదుగా పోవుచున్నది.

4. మనము చేయదగినవి

కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత అక్కడినుండి ఎందరో ప్రతి దినము రైలెక్కి బెంగుళూరు పనికి పోవుచున్నారు. అట్టివారికి తెల్లవారుజామున గంటసేపు ప్రార్థించుమని చెప్పుట సులభము, చేయుట కష్టము. కనుక చేయగలిగినదే చెప్పుదము.

ఒక సమయము నియమించుకొనుడి, పది నిమిషములైనను చాలును. ఆ పది నిమిషములు సెల్‌ఫోను వేరే గదిలో ఉంచుడి. అప్పు, పెండ్లి, ఉద్యోగము, జబ్బు, మీ చింత ఏదైనను దాని పేరు పెట్టి దేవునికి చెప్పుడి (ఫిలిప్పీ 4:6). పిల్లలు కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో బడిలో చదువుకొనుచున్నారు. దినమునకు ఒక్క వచనము తెలుగులో వారిచేత చదివించుడి. తప్పులు చదివినను కోపపడకుడి. ఒక వారము తప్పిపోయిన యెడల, సిగ్గుపడి మానుకొనక మరునాడే మొదలుపెట్టుడి. కలుపు ఒక్కసారి తీసిన చాలదని రైతు ఎరుగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన బైబిలులో గురుతు ఏ పుటలో, ఎన్నాళ్లుగా నిలిచియున్నది?
2. ఈ నెలలో మన విసుగు ఎవరిమీద చూపితిమి? దాని వెనుకనున్న చింత ఏది?
3. మన యింట ప్రార్థనకు తగిన పది నిమిషములు ఏవి?

ఆ రశీదు మేము పారవేయలేదు. అదే బైబిలులో నున్నది; దినదినము ఒక పుట ముందుకు జరుగుచున్నది. మీ యిండ్లలోను అట్లు జరుగునట్లు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.